మా అమ్మాయి సుఖవ్యాధుల మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది!

ప్రశ్న: మా అమ్మాయి కడపలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ పూర్తి చేసింది. ఇప్పుడు సుఖవ్యాధుల మీద పీహెచ్‌డీ చేస్తానని పట్టుబట్టింది. వాళ్లమ్మ ఒకటే ఏడుపు. బంధువులేమో 'ఆడపిల్లకి ఇంకే జబ్బూ దొరకలేదా' అంటున్నారు. సంబంధాలు చూస్తున్నాం, వచ్చినోళ్లకి ఏం చెప్పాల? అసలు దీంట్లో ఉద్యోగాలున్నాయా?
- ఒక తండ్రి, ప్రొద్దుటూరు

జవాబు: అన్నా, ముందు సంబంధాల సంగతి తేల్చేద్దాం, మీ టెన్షన్ అంతా అక్కడే ఉన్నట్టుంది. పెళ్లిళ్ల పేరయ్యకి 'మైక్రోబయాలజీలో రీసెర్చ్' అంటే చాలు, అది అబద్ధమేమీ కాదు. అబ్బాయికి మాత్రం మీ అమ్మాయినే పూర్తిగా చెప్పనివ్వండి. వినగానే ముఖం మాడ్చుకునేవాడైతే ఇప్పుడే తెలిసిపోవడం మంచిది కదా.

ఇక బంధువులకి ఈ కథ చెప్పండి. 1986లో మద్రాసు మెడికల్ కాలేజీలో సునీతి సోలోమన్ అనే మైక్రోబయాలజీ ప్రొఫెసర్, నిర్మల అనే తన విద్యార్థినికి ఒక పని అప్పగించారు: సెక్స్ వర్కర్ల రక్తం సేకరించి హెచ్ఐవీ ఉందేమో చూడమని. మన దేశంలో ఆ జబ్బు ఉండదనే అందరూ అనుకుంటున్న రోజులవి. నిర్మలని ఆమె భర్తే స్కూటర్ మీద దించి వచ్చేవాడు, శాంపిళ్లు వాళ్లింటి ఫ్రిజ్‌లోనే పెట్టుకున్నారు (అత్తగారికి చెప్పారో లేదో మరి!). వేలూరు తీసుకెళ్లి పరీక్షిస్తే ఆరుగురికి పాజిటివ్ వచ్చింది. దేశంలో హెచ్ఐవీ బయటపడింది అలాగే, అదీ ఇద్దరు ఆడవాళ్ల చేతుల మీదుగా. సునీతి గారికి తర్వాత పద్మశ్రీ కూడా ఇచ్చారు. అంత దూరం ఎందుకు, మన అనంతపురం పక్కన బత్తలపల్లిలో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ ఆసుపత్రి ఉంది కదా, అక్కడి హెచ్ఐవీ రోగుల మీద చేసిన పరిశోధనలు అంతర్జాతీయ పత్రికల్లో అచ్చయ్యాయి.

పని విషయానికొస్తే, ఇందులో రెండు దారులున్నాయి, మీ అమ్మాయి చేరకముందే ఒకటి తేల్చుకోవాలి. మొదటిది ల్యాబ్. సర్కారు దవాఖానాలో సుఖవ్యాధులకి చూసే సురక్ష క్లినిక్‌కి మూత్రనాళంలోంచి చీము కారుతోందని ఎవరైనా వెళ్తే, ల్యాబ్ రిపోర్టు కోసం ఆగకుండా అప్పటికప్పుడు బూడిదరంగు కిట్ ఇచ్చి పంపుతారు, అందులో అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్ అనే మందులుంటాయి. మంచి పద్ధతే, ఎందుకంటే మళ్లీ రమ్మంటే చాలామంది రారు. కానీ ఇలా చీము పట్టించే గనేరియా క్రిమి మహా మొండిది, పెన్సిలిన్‌ని ఓడించింది, తర్వాత సిప్రోఫ్లోక్సాసిన్‌ని ఓడించింది. కిట్‌లో ఉన్న మందు ఇంకా పనిచేస్తోందా లేదా అని ఎవరో ఒకరు ఆ క్రిమిని పెంచి చూస్తూనే ఉండాలి. అదేమో ఒంటి బయట ఎక్కువసేపు బతకదు, దాన్ని పెంచాలంటే చాక్లెట్ అగార్ అనే మేత కావాలి. అందులో చాక్లెట్ ఉండదు, వేడి చేసిన రక్తం ఉంటుంది! అమ్మాయికి ఇవన్నీ తెలిసే ఉంటాయి, వాళ్లమ్మకి చెప్పండి.

రెండోది ఊళ్లమ్మట తిరిగి మనుషుల్ని అడిగే పని. నన్నడిగితే కష్టం ఇక్కడే. మన యాసలో అడిగితే జనం కలుపుగోలుగానే మాట్లాడతారు గానీ, 'నువ్వు ఫలానా వాళ్ల పాపవి కదా' అనుకున్నారంటే నోరు మూసుకుంటారు, అందుకే సొంత మండలంలో ఈ పని పెట్టుకోవద్దని నా మాట. విన్నది ఇంట్లో అమ్మకి కూడా చెప్పకూడదు. అలా కడుపులో దాచుకోలేకపోతే ల్యాబే మేలు.

డబ్బు సంగతి: నెట్ అనే జాతీయ పరీక్ష రాసి జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) తెచ్చుకుంటే మొదటి రెండేళ్లు నెలకి రూ.37,000, తర్వాత రూ.42,000. ఆపైన ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధన మండలి) సంస్థలు, యూనివర్సిటీలు, ఎయిడ్స్ నియంత్రణ ప్రాజెక్టులు ఉన్నాయి. అయితే చాలావరకు కాంట్రాక్టే, ప్రాజెక్టు ముగిస్తే జీతమూ ముగుస్తుంది, ఇది దాచి మిమ్మల్ని ఒప్పించను. కాబట్టి గైడ్ (పీహెచ్‌డీ చేయించే ప్రొఫెసర్) ఎంత పేరున్నవాడని కాదు, చేతిలో ఎన్నేళ్లకి సరిపడా పరిశోధన గ్రాంటు ఉందని కనుక్కోమనండి.

ప్రశ్న: మా ఆయన సుగ్గికి (కూలి పనుల వలసకి) గుంటూరు పోయొచ్చాడు. నేను ఆసుపత్రికి పోతే రీసెర్చ్ వాళ్లు ఏవేవో అడిగి సంతకం పెట్టించుకున్నారు. ఊళ్లో తెలిసిపోతుందా?
- ఒక సోదరి, ఆదోని

జవాబు: భయపడకమ్మా. నువ్వు సంతకం పెట్టిన కాగితం వేరేగా దాస్తారు, జవాబులు రాసుకున్న దాని మీద పేరు కాకుండా ఒక కోడ్ నంబరు ఉండాలి. ఇష్టం లేని ప్రశ్నకి చెప్పనని అనొచ్చు, మధ్యలో మానేయొచ్చు కూడా, దాని వల్ల నీ వైద్యం ఆపకూడదు. సమాచార పత్రం ఒక కాపీ అడిగి తీసుకో, ఫిర్యాదు చేయాలంటే ఎవరికి చేయాలో అందులో ఉంటుంది. హెచ్ఐవీ ఫలితమైతే, చట్టం చెప్పిన కొన్ని సందర్భాల్లో తప్ప, నీ అనుమతి లేకుండా బయటపెట్టడానికి 2017 హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ఒప్పుకోదు. నీకు మందులిచ్చి ఉంటే మీ ఆయన్ని కూడా వెంటబెట్టుకుని వెళ్లు, ఒక్కదానివే వాడితే ఆ జబ్బు మళ్లీ నీకే అంటుకోవచ్చు.