అడవి కొండ మీద అత్యవసర రేడియో టవర్: కట్టబోయే అమ్మాయికి ఓ ఉత్తరం

అమ్మాయీ,

నీ ఉత్తరమూ, దాంతో పంపిన నక్షా చూశాను. అటవీ భూమిలో శిఖరం మీద 45 మీటర్ల గై టవర్ (చుట్టూ తీగలతో లాగి కట్టి నిలబెట్టేది), పక్కన రేడియో గది, కింది లోయ నుంచి కరెంటు లైను. గీయడం చక్కగా గీశావు గానీ డబ్బంతా ఎత్తుకే పోయింది. అత్యవసరానికి కట్టే టవర్ అసలు పని వేరు. కరెంటు పోయి, దారి తెగి, వారం పాటు మనిషి అడుగు పెట్టలేకపోయినా అది పలకాలి. ప్రతి ఖర్చునీ ఆ వారంతో తూచి చూడు.

ముందు ఎత్తు సంగతి తేల్చుకుందాం. వీహెచ్‌ఎఫ్ (30 నుంచి 300 మెగాహెర్ట్జ్) తరంగం ఇంచుమించు చూపు ఆనినంత దూరమే పోతుంది. యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే ఆ దూరం కిలోమీటర్లలో వస్తుంది. చుట్టుపక్కల నేల కన్నా 300 మీటర్లు లేచిన కొండ మీద 15 మీటర్ల టవర్ పెడితే 73 కిలోమీటర్లు. అదే కొండ మీద నీ 45 మీటర్ల టవర్ పెడితే 76న్నర. మూడింతల ఇనుము పోసి మూడున్నర కిలోమీటర్లు కొనుక్కున్నావన్నమాట. కొండ ఎత్తు ఊరికే వస్తోంది, దాన్ని వాడుకో. టవర్ చేయాల్సిందల్లా యాంటెన్నాని చెట్ల కొసలకు పైన నిలబెట్టడం. ఇప్పటి కొసలు కాదు, పదిహేనేళ్ల తర్వాతివి. తడిసిన ఆకులు సంకేతాన్ని బాగా తినేస్తాయి, అందులోనూ అంతకన్నా పై ఫ్రీక్వెన్సీలైన యూహెచ్‌ఎఫ్‌ని ఎక్కువ తింటాయి. దట్టమైన అడవిలో నడిచే జట్లకు 150 మెగాహెర్ట్జ్ ప్రాంతమే నయం. మీ చెట్లు 16, 17 మీటర్లుంటే 24 మీటర్ల టవర్ చాలు.

అన్నిటికన్నా ఎత్తైన శిఖరమే మంచి చోటనీ అనుకోకు. శిఖరం బల్లపరుపుగా ఉంటే దాని అంచే అడ్డొచ్చి కొండ మొదట్లో ఉన్న ఊళ్లకు నీడ పడుతుంది. వరదొచ్చినా మంటలొచ్చినా మనుషులుండేది ఆ మొదట్లోనే కదా. కాస్త కిందికి, లోయ వైపు చూసే భుజం చాలాసార్లు మెరుగు. కాగితం మీద తేల్చకుండా ఓ రెండు రోజులు ఖర్చుపెట్టు. పది మీటర్ల మడత స్తంభానికి తాత్కాలిక యాంటెన్నా కట్టి, 5 వాట్ల వాకీటాకీతో ఒకరిని దారులన్నీ నడిపించు. మాట తెగిన ప్రతి చోటా పటంలో గుర్తు పెట్టించు. కారు కప్పు మీది యాంటెన్నాతో పరీక్షిస్తే మోసపోతావు. వాకీటాకీ నడుముకి తగిలించుకుని, చెట్లు నిండా ఆకు మీద ఉన్న రోజుల్లో చేయించు.

ఇక అటవీ శాఖ. దరఖాస్తు రాసే ముందు ఆ చుట్టుపక్కల ఇప్పటికే ఎవరిదైనా టవర్ ఉందేమో కనుక్కో. ఉన్న టవర్‌లో చోటు దొరికితే ఒక్క చెట్టూ పడదు, అనుమతీ తొందరగా వస్తుంది. అయితే ఆ టవర్ నీ బరువు మోయగలదని ఇంజనీరు లెక్క కట్టిన కాగితం చేతికి రావాలి, అక్కడున్న మిగతా ట్రాన్స్‌మిటర్ల ఫ్రీక్వెన్సీల జాబితా కూడా తీసుకోవాలి. రెండు ఫ్రీక్వెన్సీలు కలిసి పుట్టించే మూడోది సరిగ్గా నీ రిసీవర్ మీద పడిందంటే ఎంత మంచి యాంటెన్నా పెట్టినా ప్రయోజనం లేదు. తుప్పు పట్టిన కంచె, వదులైన బోల్టు కూడా ఇలాంటి సంకేతాలు పుట్టిస్తాయి.

కొత్త టవర్ తప్పదంటే, అడవి మనుషులు అడిగేవి కొన్నే. ఎన్ని చెట్లు పోతాయి, దారి ఎంత వెడల్పు, ఇంధనం ఎక్కడ నిల్వ చేస్తావు, పని అయిపోయాక ఎవరు విప్పి తీసుకెళ్తారు. చివరి ప్రశ్నకు జవాబు రాయని దరఖాస్తులే బల్ల మీద పడుంటాయి. తీసేసే ఖర్చుకు పూచీకత్తు నువ్వే ముందు ప్రతిపాదించు. పక్షులు గూళ్లు కట్టే నెలల్లో తవ్వకం పెట్టుకోనని రాయి. వాళ్ల రేడియోకీ టవర్ మీద ఓ చోటు ఇస్తానను, అప్పుడది వాళ్ల టవర్ కూడా అవుతుంది. అనుమతికి పట్టే కాలం కట్టడానికి పట్టే కాలం కన్నా ఎక్కువే ఉంటుంది కాబట్టి ఇనుము ముందే కొనిపెట్టి వానకు తడపకు.

విమానాల విషయం కూడా చూసుకో. 60 మీటర్ల లోపు టవర్‌కి, దగ్గర్లో విమానాశ్రయం లేకపోతే, చాలా దేశాల్లో దీపాలు అడగరు. అడిగితే మాత్రం ఆరి వెలిగే దీపాలే పెట్టించు. మంచు కమ్మిన రాత్రి ఆరకుండా వెలిగే ఎర్ర దీపం చుట్టూ వలస పక్షులు తిరిగి తిరిగి తీగలకు కొట్టుకుని చస్తాయి. దీపం ఉన్నా లేకపోయినా, మంటలార్పే హెలికాప్టర్లు నడిపేవాళ్లకి టవర్ ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలతో సహా తెలియజేయడం మరవొద్దు.

గై టవర్ వద్దంటున్నది ఎందుకో చెబుతాను. గై తీగల లంగర్లు మామూలుగా టవర్ ఎత్తులో 80 శాతం దూరాన ఉంటాయి. నీ 45 మీటర్లకు 36 మీటర్ల దూరం, మూడు దిక్కులా. ఆ త్రికోణం ఒక్కటే దాదాపు 1,700 చదరపు మీటర్లు, అదంతా చెట్లు కొట్టాలి. అంతా కొట్టాక కూడా అంచున నిలిచిన ఓ చెట్టు గాలికి ఒరిగి ఒక్క తీగ మీద పడితే టవర్ మొత్తం మడతపడి కూలిపోతుంది. తనంత తాను నిలబడే మూడు కాళ్ల టవర్‌కి ఇనుమూ కాంక్రీటూ ఎక్కువే, కానీ జానెడు చోటులో ఇమిడిపోతుంది. గై తప్పకపోతే తీగ తెగే బలంలో పదో వంతు బిగువు ముందే ఇవ్వాలి. పావు అంగుళం ఎక్స్‌ట్రా హై స్ట్రెంగ్త్ తీగ సుమారు 3,000 కిలోల దగ్గర తెగుతుంది కనుక బిగువు 300 కిలోలు. చేత్తో ఊపి చూసి సరిపోయిందనుకోవద్దు, మీటరు పెట్టి కొలవాలి.

టవర్ కొనేటప్పుడు ఇవాళ్టి యాంటెన్నాల లెక్కతో కొనకు. గాలి వేగం రెట్టింపైతే తోపుడు నాలుగింతలవుతుంది, కొండ కొసన గాలి మైదానంలో కన్నా ఎక్కువ. టవర్లకు వాడే అమెరికా ప్రమాణం టీఐఏ-222 ప్రకారం ఆ చోటుకే డిజైన్ చేసిన లెక్క అడుగు. రెండు యాంటెన్నాలు పెడుతుంటే నాలుగింటికి చోటు చూసుకో. వేడి జింకు పూత తప్పనిసరి.

పునాదికి మట్టి పరీక్ష లేకుండా దిగొద్దు. కొండల మీద అర మీటరు కింద రాయి తగులుతుంది, అప్పుడు గుంత డిజైన్ పనికిరాదు, రాతిలో రంధ్రాలు తొలిచి ఇనుప కడ్డీలు గ్రౌట్‌తో (పలచటి సిమెంటు ముద్దతో) బిగించే డిజైన్ కావాలి. ఆ మార్పు పని మధ్యలో రాకూడదు. ఇంకో చిక్కు, కలిపిన కాంక్రీటు గంటన్నర లోపు పోసేయాలి. మీ దారిలో లారీ అంతలో పైకి రాలేదంటే కొండ మీదే కలిపే ఏర్పాటు చెయ్. యాంకర్ బోల్టులు టెంప్లేట్‌లో బిగించి, కాంక్రీటు పోస్తున్నప్పుడూ పోశాకా మళ్లీ కొలవాలి. పూర్తి బలం లెక్క 28 రోజులకు. క్రేన్ అద్దె మిగులుతుందని పదో రోజే టవర్ ఎత్తేస్తామంటే ఒప్పుకోకు. గొట్టం కాళ్ల టవరైతే కాలి అడుగున నీరు కారే రంధ్రం ఉంటుంది. మేస్త్రీలు అందం కోసం దాన్ని సిమెంటుతో పూడ్చేస్తారు. లోపల నీరు నిలిచి తుప్పు పడుతుంది, చలిచోటైతే గడ్డకట్టి కాలే చీలుతుంది.

ఇప్పుడు పిడుగు. కొండ మీది టవర్ మీద పిడుగు పడుతుందా లేదా అని ఆలోచించే పని లేదు, పడుతుంది. నువ్వు చేయగలిగిందల్లా అది పోయే దారి చూపించడమే. టవర్ చుట్టూ ఒక రాగి వలయం, గది చుట్టూ ఇంకొకటి, రెంటినీ కలుపు. 2.4 మీటర్ల ఎర్త్ రాడ్లు దగ్గర దగ్గరగా గుచ్చితే డబ్బు దండగ. వాటి మధ్య కనీసం పొడవుకు రెట్టింపు, అంటే ఐదు మీటర్లుండాలి. నేలలో అతుకులన్నీ ఎక్సోథర్మిక్ వెల్డింగే (మందుపొడి మండిన వేడితో లోహం కరిగించి అతకడం), బోల్టు క్లాంపు నేలలో కొన్నేళ్లకు వదులవుతుంది. ఎర్త్ నిరోధం 10 ఓమ్స్ లోపు తేవాలని చూడు. రాతి నేలలో రాడ్లతో అది రాదు, అప్పుడు టవర్ నుంచి నాలుగైదు దిక్కులకు రాగి తీగలు పరిచి పూడ్చాలి. పునాది ఇనుముని కూడా ఎర్త్‌కి కలుపు. ఎండిన నేలల్లో కాంక్రీటులోని ఇనుమే మంచి ఎర్త్ అవుతుందని రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలోని ఆరిజోనాలో హెర్బర్ట్ యూఫర్ అనే ఇంజనీరు చూపించాడు, ఇప్పటికీ దాన్ని యూఫర్ ఎర్త్ అనే అంటారు.

వంపుల దగ్గర అందరూ పప్పులో కాలేస్తారు. ఎర్త్ తీగని గోడ మూలల్లో లంబంగా విరిచి అందంగా క్లిప్పులు కొడతారు. పిడుగు అలాంటి మూల తిరగదు, గాల్లోకి దూకుతుంది. వంపు వ్యాసార్ధం 20 సెంటీమీటర్లకు తగ్గకూడదు, తీగ ఎప్పుడూ కిందికే దిగాలి. ఒట్టి రాగిని జింకు పూత ఇనుముకు తాకించినా తప్పే, జింకుని తినేస్తుంది. మధ్యలో స్టెయిన్‌లెస్ క్లాంపో, తగరం పూసిన తీగో ఉండాలి. గదిలోకి వచ్చే ప్రతి తీగా, యాంటెన్నాదైనా సోలార్‌దైనా, ఒకే రాగి పలక దగ్గర, ఒకే ఎర్త్‌కి కలిసి లోపలికి రావాలి. కరెంటుకో ఎర్త్, రేడియోకో ఎర్త్ విడివిడిగా పెడితే పిడుగు ఒకదాన్నుంచి ఇంకోదానికి నీ రిపీటర్ (వాకీటాకీ మాటని అందుకుని మళ్లీ బలంగా పంపే రేడియో) గుండానే పోతుంది.

కేబుల్ విషయంలో నీ జాబితాలో రాసిన ఎల్ఎంఆర్-400 కొట్టెయ్. దాని కవచంలోని రేకు, అల్లిక వేర్వేరు లోహాలు. ఒకే కేబుల్‌లో పంపుతూ వినే రిపీటర్‌కి కొంతకాలం తర్వాత గరగరలు మొదలవుతాయి, అది ఎక్కణ్నుంచి వస్తోందో పట్టుకోవడం మహా కష్టం. అర అంగుళం హార్డ్‌లైన్ (అల్లిక బదులు గట్టి లోహపు గొట్టమే కవచంగా ఉన్న కేబుల్) వెయ్, నష్టం 150 మెగాహెర్ట్జ్ దగ్గర వంద మీటర్లకు మూడు డెసిబెల్స్ లోపే (మూడు డెసిబెల్స్ పోతే బలం సగమవుతుంది). కనెక్టర్ మీద ముందు టేపు, దానిపై బ్యూటైల్ రబ్బరు, మళ్లీ టేపు. చుట్టడం ఎప్పుడూ కింది నుంచి పైకి, ఇంటి పెంకుల్లా పై పొర కింది పొర మీదికి రావాలి. కేబుల్‌కి ఎర్త్ మూడు చోట్ల: కొసన, కింద మలుపుకి ముందు, గది గోడ దగ్గర.

విద్యుత్తు. లోయ నుంచి లైను అన్నావు, తుఫానుకైనా మంటలకైనా మొదట పోయేది అదే. సోలార్‌ని అసలు ఆధారంగా పెట్టుకో. లెక్క ఇలా వేసుకో. రిపీటర్ ఊరికే ఉన్నప్పుడూ, మిగతా పరికరాలూ కలిపి 1 ఆంపియర్. 50 వాట్లతో పలికేటప్పుడు అదనంగా 11 ఆంపియర్లు. రోజులో ఐదో వంతు పలికితే సగటు 3.2, రోజుకు 77 ఆంపియర్ అవర్లు. ఎండ లేని ఐదు రోజులకు 385. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి వాడకూడదు కాబట్టి 770 పెట్టాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే 480 చాలు, కానీ దాన్ని సున్నా డిగ్రీల కింద చార్జ్ చేస్తే చెడుతుంది, చలి కొండల్లో గుర్తుంచుకో. ప్యానెళ్లు ఏడాదిలో అన్నిటికన్నా మబ్బు నెల ఎండతో లెక్కించు. రోజుకు రెండున్నర గంటల నిండు ఎండే దొరికే నెలైతే, బ్యాటరీ 13 వోల్టులనుకుని, 30 శాతం నష్టాలు కలుపుకుని 570 వాట్లు, ఖాళీ అయిన బ్యాటరీ మళ్లీ నిండాలంటే 800.

దీన్ని దాదాపు మూడో వంతు తగ్గించే ఉపాయం ఒకటుంది, రిపీటర్‌ని 25 వాట్లకు దించు. పోయేది మూడు డెసిబెల్సే. ఎలాగూ అవతలి మనిషి చేతిలో ఉన్నది 5 వాట్ల వాకీటాకీ. రిపీటర్ గొంతు ఎంత పెద్దదైనా అతని మాట దీనికి వినబడకపోతే సంభాషణే లేదు. మిగిలిన డబ్బుతో మంచి డూప్లెక్సర్ (ఒకే యాంటెన్నాతో పంపడమూ వినడమూ ఒకేసారి చేయనిచ్చే ఫిల్టరు) కొను. వీహెచ్‌ఎఫ్‌లో పంపే, వినే ఫ్రీక్వెన్సీల మధ్య 600 కిలోహెర్ట్జే ఎడం ఉంటే ఆరు క్యావిటీల (వడపోత డబ్బాల) డూప్లెక్సర్ కావాలి, చవకది పెడితే రిపీటర్ తన గొంతుతో తన చెవులే మూసుకుంటుంది.

గది సంగతి క్లుప్తంగా చెప్తాను. కాంక్రీటుదో ఇనుముదో కట్టు, చెక్క వద్దు. చుట్టూ పది మీటర్లు గడ్డీ ఆకులూ లేకుండా ఏటా ఊడ్పించు. గాలి రంధ్రాలకు 3 మిల్లీమీటర్ల ఇనుప జాలీ వేస్తే నిప్పురవ్వలూ ఎలుకలూ రెండూ రావు. సోలార్ తీగలు నేల మీద పరవకుండా ఇనుప గొట్టంలో పూడ్చు.

ఎక్కేవాళ్లకు రెండు కొక్కేలుండాలి, ఒకటి విప్పేటప్పుడు రెండోది తగిలే ఉండాలి. ట్రాన్స్‌మిటర్ ఆపి, ఆ స్విచ్చికి తాళం వేసి, తాళంచెవి ఎక్కేవాడి జేబులోనే పెట్టించు. ఉరుము వినబడితే దిగిపోవాల్సిందే, ఒక్క బోల్టే మిగిలిందన్నా సరే.

అంతా అయ్యాక యాంటెన్నా, కేబుల్‌లలో సంకేతం ఎంత పోతోందో కొలిచి కాగితం మీద ఉంచు. రెండేళ్ల తర్వాత కనెక్టర్‌లోకి నీరు దిగిందో లేదో ఆ మొదటి అంకెలతో పోల్చితేనే తెలుస్తుంది. ఆ తర్వాత ప్యానెళ్ల మీద పట్టా కప్పి, లైను కరెంటు ఉంటే అదీ తీసేసి, మూడు రోజులు వదిలెయ్. గంటకు పన్నెండు నిమిషాలు మాట్లాడిస్తూ బ్యాటరీ వోల్టేజీ రాయించు. మూడో రోజుకు బ్యాటరీ చార్జి సగం కన్నా కిందికి పోయిందంటే నా లెక్కలో కాదు, మీ వాడకంలో ఏదో దాగి ఉంది. ఎక్కువసార్లు అది ఆపడం మరచిన ఫ్యానో, రూటరో అవుతుంది.

నక్షా మార్చి పంపేటప్పుడు మట్టి పరీక్ష నివేదికా, నడిచి గుర్తులు పెట్టిన పటమూ జత చెయ్. అవి రాకుండా బోల్టుల సైజు మాట నన్నడగొద్దు.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన