చిక్కిపోయిన గుర్రానికి ఉలవ గుగ్గిళ్లు వెంటనే పెట్టవచ్చా?

ఏళ్ల తరబడి బండి లాగి చిక్కి శల్యమైన పొట్టి గుర్రాన్ని కోనసీమలోని సంరక్షణశాలకు చేర్చారని, కడుపునిండా ఉలవ గుగ్గిళ్లు పెడితే త్వరగా కోలుకుంటుందా అని అడిగారు. ఆ జాలి సహజమే గానీ, మొదటి పది రోజుల్లో అలా పెడితే దాని ప్రాణానికే ముప్పు. చాలాకాలం పస్తులున్న శరీరంలోకి పిండిపదార్థం ఒక్కసారిగా చేరితే ఇన్సులిన్ పెరిగి, రక్తంలోని భాస్వరం, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి వెళ్లిపోయి, గుండె ఆగిపోయే పరిస్థితి రావచ్చు. అందుకే పశువైద్యుని పర్యవేక్షణలో, పిండిపదార్థం తక్కువగా ఉండే లూసర్న్ అనే పప్పుజాతి మేతను ఎండబెట్టి 4 గంటలకొకసారి కొద్దికొద్దిగా, రాత్రిళ్లు కూడా లేచి పెడతారు.

మన డెల్టాలో అసలు చిక్కు గిట్టల దగ్గర వస్తుంది. వానాకాలమంతా నల్లమట్టి బురదలో నిలబడే గుర్రానికి గిట్ట అడుగున ఉండే మెత్తని భాగం కుళ్లుతుంది. కాలెత్తి చూస్తే దాని పక్క గాడిలో నల్లటి జిగురు, ముక్కు మూసుకోవలసినంత దుర్వాసన ఉంటాయి. కనుక మెరక మీద పొడి నేల చూపించాలి, రోజూ గిట్టలు గీకి శుభ్రం చేయాలి, 6 నుంచి 8 వారాలకొకసారి వాటిని చెక్కించాలి. రక్తంలో చేరే పరాన్నజీవి వల్ల కలిగే సర్రా వ్యాధిని జోరీగలు మోసుకొస్తాయి గనుక, జ్వరం తగ్గి మళ్లీ మళ్లీ వస్తుంటే రక్తపరీక్ష తప్పనిసరి.

గుర్రం మందలో బతికే జీవి. ఒంటరిగా కట్టేస్తే ఎంత మేత ఉన్నా కుమిలిపోతుంది. అది మరో గుర్రం పక్కన నిలబడి, ఒకదాని మెడను ఒకటి పళ్లతో గోక్కోవడం మొదలుపెట్టిందంటే కుదుటపడుతోందని నేను నమ్ముతాను.