'శాసనాల ప్రకారం' అంటే ఏ శాసనం?

తిరుపతి

అమ్మాయీ,

తిరుమల మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. భాష బాగుంది. నన్ను చిరాకుపెట్టింది మూడో పేరాలోని ఒక్క మాట: "శాసనాల ప్రకారం క్రీ.శ. 614లో సామవై వెండి విగ్రహం సమర్పించింది." ఏ శాసనం? దాని సంఖ్య ఎంత? పల్లవ రాణి సామవై ఆ విగ్రహం ఇచ్చినట్టు చెప్పే శాసనంలో 614 అనే అంకె లేనేలేదు. ఉన్నదల్లా ఒక రాజు ఏలుబడిలో 14వ సంవత్సరం అని. ఆ రాజు ఏడో శతాబ్దపు మహేంద్రవర్మ అనుకున్నవాళ్ళు 614 అన్నారు, పదో శతాబ్దపు పార్థివేంద్రవర్మ అనుకున్నవాళ్ళు 966 అన్నారు. నెట్‌లో రెండూ తిరుగుతున్నాయి. నువ్వు ముందు కంటబడినదాన్ని ఎత్తి రాశావు. రాయి మీద ఉన్నది వేరు, దాన్ని చదివినవాడు కట్టిన లెక్క వేరు. నీ వాక్యంలో ఈ రెండూ కలిసిపోయాయి.

దేవస్థానం శాసన సంపుటాలు 1931 నుంచి అచ్చయినాయి. వాటిలో మూల పాఠం చూడు. పుస్తకం ఫోటో తీసేటప్పుడు లోపలి పేజీ ఒక్కటే కాదు, అట్ట వెనక సంపుటం, సంవత్సరం ఉన్న పేజీ కూడా తియ్యి. లేకపోతే ఆరు నెలలకు అది ఎక్కడిదో నీకే తెలియదు.

శాసనాల్లోని శక సంవత్సరాన్ని క్రీ.శ.లోకి మార్చేటప్పుడు 78 కలిపి వదిలేస్తే ఏడాది తప్పు పడుతుంది. కృష్ణదేవరాయలు మొదటిసారి కొండకు వచ్చింది శకం 1434, ఆంగీరస అనే పేరున్న సంవత్సరంలో. 78 కలిపితే 1512. కానీ ఆ రోజు 1513 ఫిబ్రవరి 10, ఇంకా ఉగాది రాలేదు. జనవరికీ ఉగాదికీ మధ్య పడిన తేదీలకు 79 కలపాలి. ఆంగీరస అన్న పేరొక్కటే పట్టుకుంటే అదీ చాలదు, అరవై ఏళ్ళకోసారి మళ్ళీ వస్తుంది.

జిల్లా అంకెల దగ్గరా ఇదే గొడవ. 2011 జనాభా లెక్కల్లో చిత్తూరు జిల్లా అంటే తిరుపతి, మదనపల్లె కూడా కలిసినది. 2022 ఏప్రిల్ 4 తర్వాతి జిల్లాకు ఆ అంకె అంటగట్టకూడదు. ఇంకా వెనక్కి పోతే 1911కు ముందు చిత్తూరు జిల్లానే లేదు. చంద్రగిరి సంగతులు ఉత్తర ఆర్కాటు జిల్లా కాగితాల్లో, మదనపల్లెవి కడప కాగితాల్లో వెతకాలి. 'చిత్తూరు' అని వెతికి ఏమీ దొరకలేదని రాశావే, ఎట్లా దొరుకుతుంది?

మీ అవ్వ చెప్పిన కొండ ప్రయాణం మాత్రం వ్యాసంలో అన్నిటికంటే ఖరీదైన సరుకు. దాన్ని రెండు వాక్యాల్లో ఊదేశావు. మళ్ళీ పోయి కూర్చో. "ఏ సంవత్సరం అవ్వా?" అని అడగొద్దు, ఏదో ఒకటి చెప్పేస్తుంది. "నడిచి పోయినారా, బస్సులోనా?" అని అడుగు. బస్సంటే 1944 తర్వాత, మొదటి ఘాట్ రోడ్డు అప్పుడే వచ్చింది. "ఎక్కిన రోడ్డులోనే దిగినారా?" అంటే అవునన్నదనుకో, 1974కు ముందయ్యుండాలి, రెండో రోడ్డు ఆ ఏడు తెరిచారు. ఆమె మాటను ఆమె మాటగానే రాయి. గుడి ఎవరు కట్టించారో అవ్వ చెబితే అది ఊరి నమ్మకానికి సాక్ష్యం, కట్టించినవాడికి కాదు.

పాత పత్రికలు తిరగేస్తే ఇంకో మెలిక: 5వ తేదీ పేపర్లో "నిన్న" అంటే 4. దానికింద ఉన్న జనం సంఖ్యను నమ్మొద్దు, ఎవరు లెక్కపెట్టారు?

ఆదివారం సంచికల వాళ్ళు శాసనం సంఖ్య చూడగానే "పాఠకుడికి భారం" అని కొట్టేస్తారు. దండలూ దీపాలూ ఉన్న వర్ణన మాత్రం అర పేజీ ఉంచుతారు. వాళ్ళకు పంపే ప్రతిలో కూడా సంఖ్య ఉంచే పంపు, కొట్టేసే పాపం వాళ్ళదే.

మూడో పేరా మార్చి రాసి, సంపుటం, శాసనం సంఖ్య, పేజీ పక్కన వేసి పంపు. అప్పటిదాకా మిగతాది నేను చదవను.

ఆశీస్సులతో.