పినియన్ షాఫ్టు వంగుతోందని ప్రాసెస్ మార్చవచ్చా? కార్బరైజింగ్, ఇండక్షన్, నైట్రైడింగ్

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: 20ఎంఎన్‌సీఆర్5 ఉక్కుతో చేసిన, సుమారు 400 మిల్లీమీటర్ల పొడవున్న పినియన్ (చిన్న పళ్ల చక్రం) షాఫ్టులు కేస్ కార్బరైజింగ్ (కార్బన్ ఎక్కించి పైపొరను గట్టిపరచడం) తరువాత వంగి వస్తున్నాయి, ప్రెస్ మీద సరిచేస్తుంటే కొన్ని పగులుతున్నాయి, అందువల్ల ఇండక్షన్‌కో నైట్రైడింగ్‌కో మారాలనుకుంటున్నారు. గేర్లు, షాఫ్టులు తయారుచేసే కర్మాగారంలో హీట్ ట్రీట్‌మెంట్ విభాగంలో చాలాకాలం పనిచేసినవాడిగా నేను చెప్పేది ఒక్కటే. ఉక్కును అలాగే ఉంచి ప్రాసెస్‌ను మాత్రం మార్చితే మీ పని చెడుతుంది. ఇప్పుడున్న ప్రాసెస్‌లోనే వంపును చాలావరకు తగ్గించుకోవచ్చు.

ఈ ఉక్కులో కార్బన్ 0.2 శాతం దరిదాపుల్లోనే ఉంటుంది. కార్బరైజింగ్‌లో 900 నుంచి 930 డిగ్రీల సెల్సియస్ వద్ద బయటి నుంచి కార్బన్‌ను ఎక్కించి ఉపరితలాన్ని 0.8 శాతానికి తెస్తాం కాబట్టే క్వెంచింగ్ (వేడి ఉక్కును నూనెలో ముంచి చప్పున చల్లార్చడం) తరువాత 58 నుంచి 62 హెచ్ఆర్‌సీ (రాక్‌వెల్ కాఠిన్య కొలత) వస్తుంది. కాయిల్‌లో విద్యుత్తుతో ఉపరితలాన్ని వేడిచేసి గట్టిపరచే ఇండక్షన్‌లో బయటి నుంచి ఏదీ చేరదు. ఉన్న కార్బన్‌తోనే గట్టిపడాలి గనుక మీ షాఫ్టు 45 హెచ్ఆర్‌సీ దరిదాపుల్లోనే ఆగిపోతుంది. ఇండక్షనే కావాలంటే 0.4 శాతం కార్బన్ ఉన్న ఈఎన్19 లేదా ఈఎన్24 తీసుకుని, ముందుగా 28 నుంచి 32 హెచ్ఆర్‌సీకి టఫెనింగ్ (మొత్తం ఉక్కును గట్టిపరచి, మళ్లీ వేడిచేసి దృఢపరచడం) చేయించి, ఆపైన బేరింగ్ సీట్లు, స్ప్లైన్లు మాత్రమే గట్టిపరచాలి. వ్యాసానికి తగిన కాయిల్ చేయించాలి, కీవే అంచులు అతిగా కాలి పగలకుండా రాగి ముక్కతో పూడ్చాలి. చిన్న పళ్ల పినియన్‌కు, అదీ తక్కువ సంఖ్యలో, ఈ శ్రమ గిట్టుబాటు కాదని నా అభిప్రాయం.

నైట్రైడింగ్ 500 నుంచి 550 డిగ్రీల మధ్య అమ్మోనియా వాయువులో జరుగుతుంది, క్వెంచింగ్ ఉండదు, అందుకే వంపు దాదాపు రాదు. అయితే 0.3 నుంచి 0.5 మిల్లీమీటర్ల పొరకు 40 నుంచి 60 గంటలు పడుతుంది, ఆ పలుచని పొర కింద గుజ్జు (ఉక్కు లోపలి భాగం, కోర్) మెత్తగా ఉంటే పంటి మీద భారం పడినప్పుడు పొర కుంగి పెచ్చులూడుతుంది. స్పిండిళ్లకు, ఎక్స్‌ట్రూడర్ స్క్రూలకు ఇది చక్కగా సరిపోతుంది, భారం మోసే మీ పినియన్‌కు సరిపోదు.

ఇక అసలు సంగతి వంపు. 920 డిగ్రీల వద్ద గంటల తరబడి ఉన్న ఉక్కు తన బరువుకు తానే కుంగుతుంది. ఒకసారి మేము ఒకే చార్జిలో (ఫర్నేసులో ఒక విడతగా పెట్టే సరుకు) కొన్ని షాఫ్టులను ట్రేలో పడుకోబెట్టి, కొన్నింటిని ఫిక్స్చర్‌కు నిలువుగా వేలాడదీసి, బయటికొచ్చాక సెంటర్ల మధ్య పెట్టి డయల్‌తో చూశాం. పడుకోబెట్టినవి అర మిల్లీమీటరు దాకా రనౌట్ (తిప్పినప్పుడు డయల్ ముల్లు చూపే మొత్తం ఊగు) చూపగా, వేలాడదీసినవి అందులో మూడో వంతుకు మించలేదు. కాబట్టి ముందుగా మీ వెండర్ జాబులను (షాఫ్టుల వంటి పని ముక్కలను) ఎలా పేరుస్తున్నాడో స్వయంగా వెళ్లి చూడండి. ఫోనులో అడిగితే అందరూ నిలువుగానే పెడుతున్నామంటారు. రఫ్ మెషినింగ్ అయ్యాక 600 నుంచి 650 డిగ్రీల వద్ద స్ట్రెస్ రిలీవింగ్ (లోపలి ఒత్తిళ్లను సడలించే వేడి) చేయించండి. కార్బన్ ఎక్కిన తరువాత నేరుగా నూనెలో ముంచకుండా ఫర్నేసును 830, 840 డిగ్రీలకు దించి, కాసేపు నిలిపి, 60 నుంచి 80 డిగ్రీల నూనెలో నిలువుగానే దించమనండి.

రనౌట్‌ను గ్రైండింగ్‌లో సరిచేసుకోవచ్చని చాలామంది అనుకుంటారు. డయల్ 0.4 మిల్లీమీటర్లు చూపిందంటే షాఫ్టు 0.2 మిల్లీమీటర్లు పక్కకు జరిగినట్టు. సగటున ఒక్కో వైపు 0.2 అలవెన్స్ (గ్రైండింగ్ కోసం వదిలిన అదనపు లోహం) ఉంచితే, ఒక పక్క రాయి కేవలం తాకి వదులుతుంది, ఎదురు పక్క 0.4 కొరికేస్తుంది. మీ కేస్ (గట్టిపడిన పైపొర) లోతు 0.9 అయితే అక్కడ మిగిలేది 0.5 మాత్రమే, బేరింగ్ సీటు ముందుగా అరిగేది ఆ వైపే.

పగుళ్ల విషయానికొస్తే, క్వెంచింగ్ అయిన వెంటనే, టెంపరింగ్‌కు (పెళుసుదనం తగ్గించేందుకు మళ్లీ కొద్దిగా వేడిచేయడం) ముందే ప్రెస్ మీద పెడుతున్నారేమో విచారించండి. 160 నుంచి 200 డిగ్రీల టెంపరింగ్ అయ్యాక, జాబు ఇంకా వేడిగా ఉండగా సరిచేసి, మళ్లీ తక్కువ వేడిలో టెంపర్ చేసి, మాగ్నటిక్ పార్టికల్ పరీక్ష (అయస్కాంత పొడితో పగుళ్లు వెతకడం) చేయించాలి. మరలు (థ్రెడ్లు) ఉన్న చోట కార్బన్ చేరకుండా యాంటీ కార్బరైజింగ్ పేస్టు పూయించకపోతే థ్రెడ్ల అంచులు పెళుసై విరుగుతాయి.

డ్రాయింగులో కేవలం కేస్ హార్డెన్ అని రాసి పంపవద్దు. గ్రైండింగ్ తరువాత మిగలవలసిన కేస్ లోతు (కాఠిన్యం 550 హెచ్‌వీకి, అంటే విక్కర్స్ కొలతలో 550కి, తగ్గే చోటు వరకు), ఉపరితల కాఠిన్యం, గుజ్జు కాఠిన్యం, అనుమతించే రనౌట్, మాస్క్ చేయవలసిన (కార్బన్ చేరకుండా కప్పవలసిన) చోట్లు విడివిడిగా రాయండి. మీరు కొన్న కడ్డీలోంచే కోసిన చిన్న ముక్కను ప్రతి చార్జితోపాటు ఫర్నేసులో పెట్టించి, దాన్ని కోయించి తీసిన మైక్రోహార్డ్‌నెస్ రిపోర్టు చేతికొచ్చాకే బిల్లు చెల్లించండి.