గేములకు కథ రాసే చెల్లెలికి

చెల్లెమ్మా,

నీ స్క్రిప్టు చదివాను. మాటలు బాగా వచ్చాయి. నానమ్మ గొంతు ఎక్కడా తప్పలేదు. కానీ మొదటి నాలుగు నిమిషాలూ కట్‌సీనే, అంటే ఆటగాడు ఊరికే చూసే దృశ్యమే, అందులోనే ఆమె చనిపోతోంది. అప్పటికి ఆటగాడు ఆమెతో కలిసి పది అడుగులు కూడా వేయలేదు. చేతిలో కంట్రోలర్ ఉంది, దానికి పనిలేదు. పనిలేని వేలు స్కిప్ బటన్ దగ్గరికి పోతుంది. తప్పు ఆ వేలిది కాదు.

గేమ్‌లో దుఃఖం వేళ్ల మీదుగా ఎక్కుతుంది. 2013లో వచ్చిన ‘బ్రదర్స్: ఎ టేల్ ఆఫ్ టూ సన్స్’ ఆడి చూడు. కంట్రోలర్‌లో ఎడమ పక్క నడిపించే స్టిక్కూ, పని చేయించే ట్రిగ్గర్ బటనూ అన్నయ్యవి, కుడి పక్కవి తమ్ముడివి. తమ్ముడికి నీళ్లంటే భయం, అన్న వీపు పట్టుకునే ఏరు దాటుతాడు. అన్న పోయాక ఒంటరిగా నీటి ముందు నిలబడతాడు. అతని ట్రిగ్గర్ ఒక్కటే నొక్కితే లాభం లేదు, అన్న ట్రిగ్గర్ నొక్కాలి. అప్పుడు నీళ్లలోకి దిగి ఈదుతాడు. ఆ చోట ఎవరూ ఏమీ చెప్పరు. ఆటంతా ఎడమ చేతికి అన్న అలవాటై ఉన్నాడు, ఆ లోటు ముందు ఆ చేతికే తెలుస్తుంది.

నీ నానమ్మకు చూపు సరిగా ఆనదని రాశావు కదా. దాన్నే వాడుకో. ఒక బటన్ నొక్కి పట్టుకుంటే మనవరాలు ఆమె చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది, వదిలేస్తే ఆమె అక్కడే ఆగిపోతుంది. ఈ పని కనీసం మూడుసార్లు చేయించు. మొదటిసారి నేర్చుకోవడానికి. రెండోసారి కొంచెం కష్టమైన చోట, మెట్ల మీదో వానలోనో. మూడోసారి తెర మీద ఏ సూచనా వద్దు, ఆటగాడే నొక్కాలి. నొక్కాడంటే ఆమె అతని మనిషి అయినట్టే. ఆమె పోయాక కూడా బటన్ పనిచేయనివ్వు. మనవరాలి చెయ్యి చాచుకుంటుంది, అందుకునేవాళ్లుండరు. అక్కడ డైలాగ్ రాయకు.

అంతవరకూ లేని బటన్‌ను సరిగ్గా విషాదం దగ్గర తెచ్చిపెడితే ఎలా ఉంటుందో కూడా తెలుసుకో. 2014లో ‘కాల్ ఆఫ్ డ్యూటీ: అడ్వాన్స్‌డ్ వార్‌ఫేర్’లో అంత్యక్రియల సీన్ వచ్చి, కంప్యూటర్ మీద ఆడేవాళ్లను ‘ఎఫ్’ నొక్కి నివాళి అర్పించమంది. అది లోకమంతా నవ్వుకునే మాటైంది. ఆ బటన్‌కు వెనక ఏ జ్ఞాపకమూ లేదు మరి.

ఇక నీ స్క్రిప్టులో అసలే కనిపించని చోటు లాగిన్. ‘అది ప్రోగ్రామర్ల పని’ అనుకుంటే, వాళ్లు తాత్కాలికంగా పెట్టిన వాక్యాలే చివరిదాకా మిగిలిపోతాయి. ఆటగాడి జ్ఞాపకాలన్నీ సేవ్‌లో, అంటే ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచే ఫైల్లో ఉంటాయి, ఆ సేవ్‌కు తాళం అకౌంటు. తలుపు దగ్గర పలికే మాట నువ్వే రాయాలి.

లాగిన్ విఫలమైతే మూడు సంగతులు చెప్పు: ఏమైంది, సేవ్ భద్రంగా ఉందా, ఇప్పుడేం చేయాలి. ‘పేరు గానీ పాస్‌వర్డ్ గానీ సరిపోలేదు’ అని మాత్రమే రాయి. రెంటిలో ఏది తప్పో చెబితే ఆ పేరుతో అకౌంటు ఉందో లేదో దొంగకు చెప్పినట్టవుతుంది. లాగిన్‌కు రెండో తాళంగా వాడే ఆథెంటికేటర్ యాప్ ఇచ్చే ఆరంకెల కోడ్ సాధారణంగా 30 సెకన్లకోసారి మారుతుంది. కాబట్టి ‘కోడ్ తప్పు’ అని ఆపేయకు, ‘కొత్త కోడ్ వచ్చాక మళ్లీ ప్రయత్నించండి’ అను. ఈ వాక్యాల్లో పాత్రల గొంతు, చమత్కారం వద్దు. లోపలికి రాలేక విసిగిన మనిషికి నానమ్మ ముద్దుమాటలు ఒళ్లు మండిస్తాయి.

అన్నిటికంటే ప్రమాదకరమైన తెర సేవ్ తగాదా. పరికరంలో ఒక సేవ్, సర్వర్‌లో ఇంకోటి, ఏది ఉంచాలని అడుగుతుంది. తొందరలో తప్పు బటన్ నొక్కితే నలభై గంటల ఆట పోతుంది. రెండింటికీ చివరిగా ఆడిన తేదీ, మొత్తం ఆడిన గంటలు, కథలో ఆగిన చోటు పక్కపక్కన చూపించమని అడుగు. బటన్ల మీద ‘అవును, కాదు’ వద్దు. ‘పరికరంలోది ఉంచు’, ‘సర్వర్‌లోది ఉంచు’ అని రాయి. వదిలేసిన సేవ్‌ను కొన్నాళ్లు దాచి ఉంచడం కుదురుతుందేమో కూడా అడుగు.

సీన్ నడుస్తుండగా లాగిన్ గడువు ముగిసి, నానమ్మ చివరి మాట మీద పాస్‌వర్డ్ పెట్టె తెరుచుకుందంటే నీ కష్టమంతా వృథా. స్క్రిప్టులోనే గుర్తు పెట్టు: ‘ఇక్కడి నుంచి ఇక్కడిదాకా తెర మీద ఏ నోటిఫికేషనూ రాకూడదు, ఆటగాడికి బహుమతిగా వచ్చే ట్రోఫీని సీన్ ముగిశాకే ఇవ్వాలి.’ రాసి ఇవ్వకపోతే ఎవరికీ గుర్తుండదు.

అకౌంటు పేరు సంగతి ఇంకా సున్నితం. 2012 నాటి ‘జర్నీ’లో అపరిచితులిద్దరు కలిసి ప్రయాణిస్తారు. మాటలుండవు, సంగీత స్వరంతో పిలుచుకోవడమే. తోడు వచ్చినవాళ్ల అకౌంటు పేర్లు ఆట ముగిశాకే కనిపిస్తాయి. ఎడారిలో నడుస్తుండగా నెత్తి మీద ఏదో కొంటెపేరూ అంకెలూ వేలాడితే ఆ బంధం కుదిరేది కాదు. నీ ఆటలోనూ విషాద ఘట్టాల్లో అకౌంటు పేరు పలికించకు. తెలుగులో ఇంకో చిక్కుంది. పేరుకు విభక్తి అంటిస్తే ‘రాము’ రాముకి అవుతాడు, ‘సుబ్రహ్మణ్యం’ సుబ్రహ్మణ్యానికి అవ్వాలి, యంత్రం మాత్రం ‘సుబ్రహ్మణ్యంకి’ అంటుంది. పేరును సంబోధనగా, కామా పెట్టి వాడు. ‘వచ్చాడు, వచ్చింది’ తెలియకపోతే ‘వచ్చావు’ ఉంది కదా. డైలాగ్ పెట్టె అడుగున వత్తులు తెగిపోతున్నాయేమో కూడా చూసుకో, ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ లాంటి మాటలతో పరీక్షించు.

ఇరవై రోజుల తర్వాత తిరిగి లాగిన్ అయినవాళ్లకు కథ రెండు వాక్యాల్లో గుర్తుచెయ్యి, చాలు. ‘ఇన్నాళ్లూ ఏమైపోయావు?’ అని నిలదీసే పాత్ర వద్దు. ఆ మనిషి ఆసుపత్రి నుంచి వచ్చి ఉండొచ్చు. ‘వచ్చావా, దీపం ఆర్పలేదు’ అంటే సరిపోతుంది. ఎన్నాళ్లైందో సర్వర్ గడియారం నుంచి తీసుకోమను, పరికరంలో తేదీ ఎవరైనా మార్చుకోగలరు.

ఏ పనిని ఆట గుర్తుంచుకోవాలో ఒక పట్టికలో రాసుకో: ఫ్లాగ్ (ఆ పని జరిగిందని ఆట పెట్టుకునే గుర్తు) పేరు, ఎక్కడ మొదలవుతుంది, ఏ సీన్‌లో పనికొస్తుంది. మూడో గడి ఖాళీగా ఉన్నవి కొట్టెయ్. నీ ఆట నిడివికి ఆరేడు మించక్కర్లేదు.

ముందు నానమ్మ బతికున్న పది నిమిషాలు లింకులతో కథలు కట్టే ట్వైన్ అనే సాఫ్ట్‌వేర్‌లో కట్టు, అది ఉచితమే. బటన్ పట్టుకోవడం అందులో తేలిగ్గా కుదరదు కాబట్టి ‘చెయ్యి పట్టుకో’ అనే లింకు పెట్టు. కథ తెలియని ఇద్దరు ముగ్గురి చేత ఆడించి, పక్కన నోరు మెదపకుండా కూర్చో. మూడోసారి ఆ లింకు ఎంతసేపటికి నొక్కారో, అసలు నొక్కారో లేదో రాసి పంపు. చావు సీన్ సంగతి అది చూశాక మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
నీ అన్నయ్య