కిరాయి రూములో గ్యాస్ పొయ్యి కొన్న బిడ్డకు

జమ్మికుంట

బిడ్డా,

హనుమకొండలో రూము దొరికిందని, గ్యాస్ పొయ్యి కూడా కొన్నావని మీ అమ్మ చెప్పింది. నువ్వేమో నాకు రోజూ తిండి ఫోటోలు పంపుతున్నావు. సోమవారం మండి, మంగళవారం చౌరస్తా దగ్గర దోశె, బుధవారం నల్లటి పెంకులో పొగలు కక్కుతున్న పనీరు. ఆ పొయ్యి ఫోటో మాత్రం ఇంతవరకు ఒక్కటీ రాలేదు.

తిడతానని భయపడకు. తిండి యావ మన ఇంటిల్లిపాదికీ ఉన్నదే. కాజీపేట లోకో షెడ్డులో చేరిన కొత్తలో నా జీతంలో సగం హోటళ్లకే పోయేది. మిగతా సగంతో బియ్యం కొనుక్కుని వండటం నేర్చుకున్నాను. అన్నేళ్లూ తిని, వండి, మాడ్చి తెలుసుకున్నది చెబుతాను, విను.

ఏది బయట తినాలి, ఏది ఇంట్లో వండాలి అన్నదానికి నాకో లెక్క ఉంది. మన పొయ్యికి లేని మంట, మన రూములో పట్టని గిన్నె, యాభై మందికి వండితే తప్ప రాని రుచి, ఇవన్నీ బయట. మిగిలినవన్నీ ఇంట్లో. మండినే చూడు. గుంతలో నిప్పుల సెగ మీద మాంసం మూసిపెడితే, దాని కొవ్వు కిందున్న అన్నం మీదికి కారుతుంది. అది కుక్కర్లో అయ్యే పనా? రిటైరైన కొత్తలో నేనూ ఒక వీడియో చూసి మొదలుపెట్టాను. అన్నం మధ్యలో చిన్న గిన్నె పెట్టి, కాలిన బొగ్గు వేసి, దానిమీద నెయ్యి పోసి మూత పెట్టాను. పొగ వాసనైతే పట్టింది. మీ పెద్దమ్మ ఒక ముద్ద తిని, "షెడ్డు నుంచి ఇంజను తెచ్చి వండినవా?" అన్నది. అప్పటినుంచి మండి తినాలనిపిస్తే బయటికే పోతున్నాం. నాన్ రొట్టె కూడా భట్టీ ఉన్నచోటే తినాలి. దావత్‌లో బగారా అన్నం, తునకల కూర, దాల్చా కూడా ఈ లెక్కలోవే. కట్టెల పొయ్యి మీద పెద్ద డేక్షాలో ఉడికిన బగారాకు ఉండే వాసన, నువ్వు గ్లాసు బియ్యంతో వండితే రాదు. ఎవరైనా పిలిస్తే తప్పకుండా పో. పిలవడం మరిచిపోతే నువ్వే గుర్తు చెయ్యి, సిగ్గుపడకు.

కానీ హోటల్లో కూర్చుని పప్పు, ఆలుగడ్డ కూర ఆర్డరు పెట్టావని తెలిస్తే మాత్రం ఊరుకోను. కర్రీ పాయింటులో ఒక కవరు పప్పుకు పెట్టే డబ్బుతో దాదాపు పావుకిలో కందిపప్పు వస్తుంది.

హోటల్ ఎంచుకునేటప్పుడు బోర్డు చూడకు, గిరాకీ చూడు. పక్క బల్లల మీద ఎక్కువగా ఏం కనిపిస్తే అదే అడుగు. మెనూ పుస్తకంలో ఎనిమిది పేజీలుండొచ్చు, లోపల వంటాయనకు బాగా వచ్చేవి నాలుగు రకాలే. బిర్యానీకి మధ్యాహ్నం ఒంటిగంటలోపే పో. రాత్రి పదిన్నరకు పోతే నీకు దొరికేది డేక్షా అడుగు. ఒకసారి పండుగ మర్నాడు ఒక హోటల్లో చికెన్ బిర్యానీ తిన్నాను. ముక్క జారుడుగా ఉంది, మసాలా ముక్కుపుటాలు అదిరేలా ఉంది. ఏదో తేడా ఉందని తెలుస్తూనే ఉంది. డబ్బులు పోతాయని మొత్తం తినేశాను. తర్వాత రెండు రోజులు ఓఆర్‌ఎస్ నీళ్లే తిండి. ఆ హోటల్ పేరు చెప్పను, తెలిసి తిన్నవాణ్ని నేనే కదా. నువ్వు మాత్రం వాసన తేడా అనిపిస్తే పళ్లెం పక్కకు జరిపి లేచిపో. మిర్చి బజ్జీ బండి దగ్గర ముందు మూకుడులోకి చూడు. నూనె నల్లగా చిక్కబడి నురగ కడుతుంటే ముందుకు నడువు. వానాకాలంలో రోడ్డు పక్కన బొగ్గుల మీద కాల్చే మక్క కంకికి మాత్రం ఏ పరీక్షా అక్కర్లేదు.

ఇంకొకటి. ఏదైనా నచ్చితే వండినవాళ్లను అడుగు. గిరాకీ సందడి తగ్గాక, డబ్బులిచ్చాక, "అక్కా, చట్నీ భలే ఉంది, ఎట్ల చేసినవ్?" అను. కాజీపేటలో ఒక టిఫిన్ బండి ఆమె నాకలాగే చెప్పింది, పల్లీ చట్నీకి పచ్చిమిర్చి వేగినాక ఆ వేడి నూనెలోనే చింతపండు వేసి ఒక్క నిమిషం ఉంచాలని. ఇప్పటికీ మన ఇంట్లో చట్నీ ఆమె చెప్పినట్టే.

ఇక నీ పొయ్యి దగ్గరికి వద్దాం. అన్నిటికన్నా ముందు కారం. వరంగల్‌లో ఉంటూ ప్యాకెట్ కారం వాడితే ఊరు వింటే నవ్వుతుంది. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి సీజన్లో ఒకసారి పోయి చూడు. గేటు దాటకముందే తుమ్ములు మొదలవుతాయి. యార్డులో అంతా బస్తాల బేరం, కిలో రెండు కిలోలకు నువ్వు చిల్లర దుకాణానికి పోవాలి. అక్కడ చపాట మిర్చి అడుగు. పొట్టిగా, లావుగా ఉంటుంది, టమాట మిర్చి అని కూడా అంటారు. రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. 2025లో దానికి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఘాటుకు తేజ రకం. నేను కిలో చపాటకు పావుకిలో తేజ కలుపుతాను. రెండు రోజులు గలగలలాడేలా ఎండబెట్టి, తొడిమలు తీసి, గిర్నిలో పట్టించు. గిర్ని దగ్గర నిలబడి చూడు. ముందు పట్టినవాళ్ల పసుపో ధనియాలో మిగిలి ఉంటాయి, మొదటి గుప్పెడు నీది కాదు.

ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చిన రోజున పచ్చిపులుసు. పొయ్యి మీద పచ్చిమిర్చి రెండు కాల్చి, ఉప్పుతో నలిపి, చింతపండు రసంలో వేసి, ఉల్లిగడ్డ సన్నగా తరిగి, వేయించిన నువ్వుల పొడి ఒక చెంచా, పైన జీలకర్ర పోపు. మరిగించేదేమీ లేదు. పక్కన కోడిగుడ్డు అట్టు ఉంటే చాలు.

సెలవు రోజున సర్వపిండి పెట్టు. నాకు దీనిమీద పట్టుదల ఎక్కువ, అందుకే వివరంగా చెబుతున్నాను. సర్వ అంటే అడుగు గుండ్రంగా ఉండే గిన్నె. కరీంనగర్ వైపు గిన్నెప్ప అంటారు, తపాలచెక్క అన్నా ఇదే. రెండు గ్లాసుల బియ్యప్పిండిలో, రెండు గంటలు నానిన శనగపప్పు గుప్పెడు, వేయించి కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, నువ్వులు, జీలకర్ర, ఉల్లాకు, కరివేపాకు, ఉప్పు, నీ సొంత కారం వెయ్యి. గోరువెచ్చటి నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ కలుపు. రొట్టె పిండి కంటే కొంచెం మెత్తగా ఉండాలి.

గిన్నె చల్లగా ఉన్నప్పుడే లోపలంతా నూనె రాసి, పిండి ముద్దను అడుగు నుంచి పైకి వేళ్లతో ఒత్తుకుంటూ పో. నడుమ మందంగా, అంచుల్లో పలుచగా చేస్తే నడుమ పచ్చిగా ఉంటుంది, అంచులు మాడతాయి. అంతా ఒకే మందం. వేలితో ఐదారు బొక్కలు పొడిచి, ఒక్కో దాంట్లో నాలుగు చుక్కల నూనె. మూత పెట్టి సన్నటి మంట మీద పన్నెండు, పదిహేను నిమిషాలు. మాటిమాటికీ మూత తీయకు, చెవి పెట్టి విను. ముందు సుయ్‌మని ఆవిరి చప్పుడు, తర్వాత చిటపట, ఆ తర్వాత పల్లీలు వేగిన వాసన. అంచులు వాటంతటవే గిన్నెను వదులుతాయి. తిప్పి వేసేది లేదు, ఒకవైపే కాలాలి. కింద కరకర, పైన మెత్తన.

రెండోది పెట్టేటప్పుడే అందరూ తప్పు చేస్తారు. వేడి గిన్నెలో పిండి ఒత్తబోతే అది అంటదు, చెయ్యి కాలుతుంది. నా కుడి చూపుడువేలు మీద మచ్చ చూశావు కదా, అది లోకో షెడ్డుది కాదు. గిన్నె బోర్లించి వెనకవైపు నీళ్లు పోసి చల్లార్చి, తుడిచి, మళ్లీ మొదలుపెట్టు. అందుకే మీ నానమ్మ రెండు గిన్నెలు పెట్టుకుని ఒకటి మార్చి ఒకటి చేసేది.

నాటుకోడి జోలికి ఇప్పుడే పోకు. బ్రాయిలర్ లాగా ఇరవై నిమిషాల్లో ఉడకదు, సహనం కావాలి. నిజామాబాద్ వైపు ఎప్పుడైనా పోతే ఆర్మూరు దగ్గర అంకాపూర్‌లో ఆగు. ముందే చెబితే కోడిని కోసి వండి పెడతారు. ఆ కూర రుచి ఒకసారి తెలిస్తే, తర్వాత ఇంట్లో నీ కూర ఎక్కడ తేలిపోయిందో నీకే అర్థమవుతుంది. చేపల సంగతి మిర్గం, అదే మృగశిర కార్తె రోజున వచ్చినప్పుడు చెబుతాను, కొర్రమీను శుభ్రం చేయడం రాతలో చెప్పేది కాదు.

ఆదివారం పొద్దటి బండికి కాజీపేటలో దిగుతాను. నానమ్మ సర్వ ఒకటి అటక మీద దొరికింది, సొట్ట తీయించాను, తెస్తున్నాను. శనగపప్పు ఏడింటికే నానబెట్టు. పల్లీలు మాత్రం వేయించకు, నువ్వు మాడుస్తావు.

మీ పెద్దబాపు