ప్లగ్గులు విప్పే ముందు ఇది చదువు

మర్రిపాలెం, విశాఖపట్నం

అమ్మలూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి "నీ మేనకోడలు దాచుకున్నదంతా పోసి కదలని కారు కొంది, అన్నీ నీ పోలికలే" అని నన్ను దులిపేసింది. ఆవిడ వినేలా నిన్ను నాలుగు తిట్టాను. ఫోన్ పెట్టేశాక మీ అత్తయ్యను వంటింట్లోంచి పిలిచి మరీ "పిల్ల ఆర్ఎక్స్-8 కొందే!" అన్నాను. మన దేశంలో మాజ్దా కార్ల షోరూమే లేదు. 2012లో తయారీ ఆగిపోయిన బండిని హైదరాబాద్‌లో వెతికి పట్టుకున్నావంటే, చిన్నప్పుడు నా షెడ్డులో టార్చి పట్టుకుని నిలబడ్డ సెలవులు ఊరికే పోలేదన్నమాట.

దడ పుట్టింది ఆ తర్వాత విన్నదానికి. ఆదివారం మీ సెల్లార్‌లోనే నువ్వొక్కదానివే ప్లగ్గులు విప్పి స్టార్ట్ చేస్తావట. అవకపోతే నీ ఫ్రెండ్స్ నలుగురూ కలిసి పాండురంగాపురం డౌన్ దాకా తోసుకెళ్లి గేర్లో వదులుతారట. మోకాలి ఆపరేషన్ అయింది కాబట్టి నేను రాలేను. ఫోన్‌లో చెబితే "సరే మావయ్యా, సరే మావయ్యా" అంటావు, సగం వినవు. కాగితమైతే బానెట్ పక్కన పెట్టుకుంటావని రాస్తున్నాను.

ముందు ఆ బెంగ వదిలెయ్, కారు చెడిపోలేదు. వాటర్ ట్యాంకర్ వచ్చిందని వాచ్‌మన్ అడిగితే చల్లగా ఉన్న ఇంజిన్ స్టార్ట్ చేసి, రెండు గజాలు వెనక్కి తీసి, వెంటనే ఆపేశావు. దీనిది రోటరీ ఇంజిన్, పిస్టన్ల బదులు మూడు మూలల రోటర్లు తిరుగుతాయి. దానికి అలా ఆపడమే పడదు. చల్లగా ఉన్నప్పుడు కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. అది కాలేలోపే నువ్వు తాళం తిప్పేశావు. మిగిలిన పెట్రోల్ లోపలే ఉండిపోయి, రోటర్ మూడు మూలల్లో సందు మూసే పట్టీలు, అపెక్స్ సీల్స్ అంటారు, వాటి మీది నూనెను కడిగేసింది, తలకు రాసిన నూనె షాంపూతో పోయినట్టు. నూనె పొర లేకపోతే సీల్ ఆనదు, ఆనకపోతే కంప్రెషన్ రాదు, అది రాకపోతే నిప్పు అంటుకోదు. నువ్వేమో పట్టు వదలకుండా సెల్ఫ్ కొట్టి ఉంటావు. కొట్టిన ప్రతిసారీ ఇంకాస్త పెట్రోల్ పోసినట్టే. నీ గది గోడ మీద బొమ్మ ఉందే, 787బి, ఆ మాజ్దా రోటరీ కారు 1991లో ఇరవై నాలుగు గంటలూ తిరిగే లె మాన్స్ రేసు గెలిచింది. రోజంతా తిప్పితే కిక్కురుమనని జాతి ఇంజిన్ ఇది. రెండు గజాలు కదిపి ఆపితే మాత్రం అలుగుతుంది.

ఒకసారి సెల్ఫ్ కొట్టి చెవి పెట్టి విను. బాగున్న ఇంజిన్ డుబ్ డుబ్ డుబ్ అని ఒకే తూకంలో కొట్టుకుంటుంది. పెట్రోల్ నిండినదైతే ఎక్కడా పట్టు లేకుండా జుయ్‌మని తిరిగిపోతుంది. నీది రెండో రకమేనని మీ అమ్మ చెప్పిన తీరును బట్టి అనుకుంటున్నాను. (ఆవిడ ఫోన్‌లో ఆ శబ్దం అనుకరించి చూపించింది. నవ్వు ఆపుకోలేకపోయాను.)

ఇక సెల్లార్ సంగతి. అక్కడ వద్దంటే వద్దు. పెట్రోల్ ఆవిరి గాలి కన్నా బరువు, నేల మీదే పరుచుకుంటుంది. మీ సెల్లార్‌లో మీటర్ బోర్డులున్నాయి, మోటార్ స్విచ్ ఉంది, ఇరవై స్కూటర్లున్నాయి. న్యూట్రల్‌లో పెట్టి ముందు పక్కనున్న ఖాళీ జాగాలోకి తోయించు.

మస్కట్‌లో నేను పనిచేసిన షెడ్డుకు పాత ఆర్ఎక్స్-7లు, అంటే నీ కారుకు ముందు తరం రోటరీ బళ్లు, వస్తుండేవి. నా పక్క బేలో శ్రీకాకుళం వైపు కుర్రాడు ఒకడు ఉండేవాడు. పని చురుకు, నోరు అంతకన్నా చురుకు. ఒక మధ్యాహ్నం ఇలాగే పెట్రోల్ నిండిన బండి వచ్చింది. బండి ఓనర్ తలుపు దగ్గర నిలబడి గడియారం చూస్తున్నాడు. కుర్రాడు నాలుగు ప్లగ్గులూ విప్పాడు, బాగానే విప్పాడు. వైర్లు మాత్రం కరెంటు తీయకుండా అలాగే వదిలేశాడు. అవి రంధ్రాల పక్కనే వేలాడుతున్నాయి. లోపలి పెట్రోల్ బయటికి ఊదడానికి సెల్ఫ్ కొట్టమని సీట్లో ఇంకొకడిని కూర్చోబెట్టి, తను బానెట్ మీదికి వంగి చూస్తున్నాడు. ప్లగ్ రంధ్రంలోంచి పెట్రోల్ మంచులా చిమ్మింది, వేలాడే వైరు చివర టిక్‌మని నిప్పు రవ్వ పడింది. అంతే. పెద్ద శబ్దం కూడా రాలేదు, భప్‌మని ఓ నీలం మంట. కనుబొమలు పోయాయి, కుడి చెయ్యి మోచేతి దాకా బొబ్బలెక్కింది. ఎవరో నీళ్ల బకెట్ ఎత్తబోతే మా ఫోర్‌మన్ అరిచి ఆపి ఇసుక పోయించాడు. నీళ్లు పోసి ఉంటే మండే పెట్రోల్ షెడ్డంతా పారేది.

చెయ్యి మానింది. కానీ ఆ తర్వాత వాడు ఏ బండి తాళం తిప్పినా తల తలుపు బయటికి పెట్టి, మొహం పక్కకు తిప్పుకునేవాడు. చిన్న టయోటా అయినా అంతే. మేం నవ్వేవాళ్లం, వాడూ నవ్వేవాడు, తల మాత్రం లోపలికి పెట్టేవాడు కాదు. నువ్వు బానెట్ మీదికి వంగి ఉంటావని తలుచుకుంటే నాకు వాడే కళ్ల ముందుకొస్తున్నాడు. జుట్టు ముడి వేసుకో. చున్నీ ఇంట్లో వదిలిరా.

కాబట్టి ప్లగ్ మీద చెయ్యి వేసే ముందు ఫ్యూయల్ పంప్ ఫ్యూజ్ పీకు, ప్లగ్గులకు కరెంటిచ్చే ఇగ్నిషన్ కాయిల్స్ కనెక్టర్లు అన్నీ ఊడదియ్. రెండూ అయ్యాయా అని ఇంకొకరి చేత చూపించు. మీ అపార్ట్‌మెంట్‌లో మంటలార్పే ఎర్ర సిలిండర్ పక్కన పెట్టుకో, ముల్లు పచ్చ గీతలో ఉందో లేదో చూసుకో.

మిగతాది సులువే. బ్యాటరీ ముందే ఫుల్ ఛార్జ్ చేయించు, 12.6 వోల్టులు చూపించాలి. సముద్రపు గాలికి టెర్మినళ్ల మీద పచ్చటి పిండి పట్టి ఉంటుంది, గీకెయ్. సెల్ఫ్ నీరసంగా తిరిగితే ఈ ఇంజిన్ జన్మలో అందుకోదు. ప్లగ్గులు ఎడమవైపు ముందు చక్రం దగ్గర్నుంచి అందుతాయి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరకు, స్టాండ్ పెట్టు. రోటర్‌కు రెండు ప్లగ్గులు. పైవి రెండూ ట్రైలింగ్, అంటే వెనక వెలిగేవి, కిందివి రెండూ లీడింగ్, అంటే ముందు వెలిగేవి. ఒకలాగే ఉన్నా రకాలు వేరు, మార్చి బిగించకు. రంధ్రాలకు దూరంగా అందరినీ నిలబెట్టి పది సెకన్లు సెల్ఫ్ కొట్టు, ఆపు, మోటార్‌ను చల్లారనివ్వు, మళ్లీ కొట్టు. చిమ్మడం ఆగాక ఒక్కో రోటర్‌కు ఒక చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి కాస్త తిప్పు. ఆ డుబ్ డుబ్ తిరిగొస్తుంది. నూనె పోశాక కూడా మధ్యలో ఒక దెబ్బ తప్పుతుంటే అక్కడితో ఆపెయ్, అది వేరే జబ్బు. ఆరిన ప్లగ్గులు, కొత్తవైతే మరీ మంచిది, చేత్తో మరలు పట్టించాకే స్పానర్ వెయ్. కాయిల్స్, ఫ్యూజ్ పెట్టి, క్లచ్‌తో పాటు యాక్సిలరేటర్ నేలకు అదిమి సెల్ఫ్ కొట్టు. అలా అదిమితే కంప్యూటర్ పెట్రోల్ ఆపేస్తుంది. దగ్గడం మొదలెట్టగానే పెడల్ మెల్లగా వదులు.

తెల్లటి పొగ వస్తుంది. మామూలుగా కాదు, వీధి కనపడనంత. పోసిన నూనె కాలుతోంది, భయపడి ఆపావో మళ్లీ మొదటికొస్తావు. సెక్రటరీకి ముందే చెప్పి ఉంచు, లేకపోతే ఫైరింజన్ పిలుస్తాడు. టెంపరేచర్ ముల్లు మధ్యకొచ్చేదాకా తాళం ముట్టుకోకు. సైలెన్సర్ కింద ఎండుగడ్డి లేకుండా చూసుకో. డిప్‌స్టిక్ పెట్రోల్ వాసన కొడితే ఆయిల్ మార్పించు. ఇక మీదట చల్లటి బండి కదిపితే వేడెక్కించాకే ఆపు. తప్పదనుకుంటే 3000 ఆర్‌పీఎం దగ్గర ఓ పది సెకన్లు ఉంచి ఆపు.

పాండురంగాపురం డౌన్ మాట మళ్లీ ఎత్తకు. ఇంజిన్ ఆగిన బండికి బ్రేక్ బూస్టర్ ఒకటి రెండుసార్లే పనిచేస్తుంది, తర్వాత పెడల్ రాయి. ఆ డౌన్ చివర బీచ్ రోడ్డు, దానవతల బంగాళాఖాతం. పైగా కాలని పెట్రోలంతా సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే కన్వర్టర్‌లోకి పోయి దాన్ని మాడ్చేస్తుంది. అది ఇక్కడ ఏ షాపులోనూ దొరకదు.

21 నంబర్ ప్లగ్ సాకెట్, పొడుగు ఎక్స్‌టెన్షన్ షెడ్డులో నీలం డబ్బాలో ఉన్నాయి. తాళం అత్తయ్య దగ్గరుంది. తుడిచి మళ్లీ అక్కడే పెట్టు, పోయినసారి పట్టుకెళ్లిన 12 నంబర్ స్పానర్ ఇంకా ఇంటికి రాలేదు. ఈ ఉత్తరం మాత్రం మీ అమ్మ కంట పడనివ్వకు.

ఇట్లు,
మావయ్య